ఒక పేరు, నాలుగు పేర్లు: 2019 నవంబర్ చివరి వారంలో మా డెస్క్ చేసిన పని

2019 నవంబర్ 28 రాత్రి నేను ఒక తెలుగు దినపత్రిక డెస్క్‌లో ఫస్ట్ పేజీ చూస్తున్నాను. ఆ పేజీలో ఒక అమ్మాయి పేరు, ఫొటో, చేసే ఉద్యోగం, ఉండే కాలనీ, ఆఖరిసారి చెల్లెలితో ఫోన్‌లో మాట్లాడిన మాటలు అన్నీ వెళ్లాయి. అందులో తప్పుడు సమాచారం ఒక్కటీ లేదు. రిపోర్టర్ కష్టపడి తెచ్చాడు, నేను శ్రద్ధగా దిద్ది హెడ్డింగ్ పెట్టాను. ఆ పేజీని ఆ తర్వాత ఎన్నిసార్లు తీసి చూసుకున్నానో లెక్కలేదు. డెస్క్‌లో కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పే మొదటి కేసు ఇదే. పత్రిక పేరు అవసరం లేదు. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆమె ఉద్యోగం, ఇల్లు కూడా రాయను. ఎందుకో కింద చెబుతాను.

జరిగింది చాలామందికి గుర్తుంది. నవంబర్ 27 బుధవారం సాయంత్రం శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌ప్లాజా పక్కన స్కూటీ పెట్టి వెళ్లిన యువతి, రాత్రి తిరిగొచ్చేసరికి టైర్ పంక్చరై ఉంది. 9 గంటలు దాటాక చెల్లెలికి ఫోన్ చేసి భయంగా ఉందని చెప్పింది. తర్వాత ఫోన్ ఆగిపోయింది. కుటుంబం పోలీస్ స్టేషన్‌కు వెళ్లింది. మర్నాడు పొద్దున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి అండర్‌పాస్ కింద కాలిన మృతదేహం కనిపించింది. 29న సైబరాబాద్ పోలీసులు నలుగురిని అరెస్టు చేశామని, ఇది సామూహిక అత్యాచారం, హత్య అని ప్రెస్ మీట్‌లో చెప్పారు. డిసెంబర్ 1న, ఆదివారం, అప్పటి కమిషనర్ సజ్జనార్ ఇకనుంచి ఆమెను ‘దిశ’ అని పిలవాలని కోరారు. డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురూ అదే చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు.

ఈ వరుసలో మా డెస్క్ తప్పు ఎక్కడ మొదలైందో వెతికితే, అది అత్యాచారం వార్తతో మొదలవలేదు. ముందు వచ్చింది మిస్సింగ్ వార్త. మనిషి కనిపించనప్పుడు పేరూ ఫొటో వేయాల్సిందే, వేస్తేనే ఎవరైనా గుర్తుపట్టి చెబుతారు. తర్వాత అది హత్య వార్త అయింది. మేజర్ల హత్య కేసులో మృతుల పేరు వేయకూడదని ఏ చట్టమూ చెప్పదు. అత్యాచారం అనే అనుమానం అదే రోజు మధ్యాహ్నం నుంచీ గాల్లో ఉంది, మర్నాడు ఖాయమైంది. అంటే అత్యాచార బాధితుల పేరు వేయకూడదన్న నిబంధన వర్తించే సమయానికే పేరు బయట ఉంది.

29 రాత్రి డెస్క్‌లో ఒక జూనియర్ సబ్ ఎడిటర్ లేచి అడిగింది: “సార్, ఇప్పుడు పేరు తీసేయాలి కదా?” నేనిచ్చిన సమాధానం ఇప్పటికీ మాటకు మాట గుర్తుంది. “నిన్ననే వెళ్లిపోయిందమ్మా, టీవీల్లో పొద్దున్నుంచీ తిరుగుతోంది, ఇప్పుడు మనం తీసి ఏం లాభం?” ఆ అమ్మాయి కూర్చుంది. పేజీ వెళ్లింది.

ఆమె అడిగింది సరైన ప్రశ్న. సమాధానం అప్పటికే చట్టంలో ఉంది. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెడితే రెండేళ్ల వరకు జైలు అని చెప్పే 228ఏ సెక్షన్ 1983లోనే ఐపీసీలోకి వచ్చింది. 2024 జులై 1 నుంచి అదే నిబంధన భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. పేరు నిన్న బయటికి వచ్చింది కాబట్టి ఈరోజు వేయొచ్చు అనే వెసులుబాటు అందులో ఎక్కడా లేదు. అంతకు ఏడాది ముందే, 2018 డిసెంబర్ 11న, నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. పేరు వేయకపోవడం ఒక్కటే చాలదు, ఆమె ఎవరో తెలిసిపోయే ఏ వివరమూ ఇవ్వకూడదు. బాధితురాలు చనిపోయినా ఇది వర్తిస్తుంది. దగ్గరి బంధువులు ఒప్పుకున్నా సరిపోదు, గుర్తింపు వెల్లడించాల్సిన అవసరం నిజంగా ఉందా అన్నది సెషన్స్ జడ్జి తేల్చాలి. అదే ఏడాది ఏప్రిల్‌లో, జమ్మూ కశ్మీర్‌లోని కఠువాలో అత్యాచారం, హత్యకు గురైన పాప పేరు వేసిన 12 మీడియా సంస్థలను ఢిల్లీ హైకోర్టు తలా 10 లక్షల రూపాయలు కట్టమంది. ఆ వార్తను మా పేజీలోనే వేశాం. చట్టం తెలియదని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

అసలు చనిపోయిన మనిషికి ఇక పరువు గొడవ ఏముంది, పేరు చెబితేనే కదా జనం కదిలేది అని అప్పుడు వాదించినవాళ్లు ఉన్నారు. ఆ వాదనను నేను తేలిగ్గా తీసేయను. 2012 డిసెంబర్ 16 ఢిల్లీ ఘటనలో చనిపోయిన అమ్మాయి తల్లి, మూడేళ్ల తర్వాత ఒక సభలో కూతురి పేరు తానే చెప్పారు. సిగ్గుపడాల్సింది నేరం చేసినవాళ్లు, మేం కాదు అన్నది ఆవిడ మాటల సారం. ఆ మాటలో తప్పు వెతకలేను. అయితే ఆ తల్లికి మూడేళ్లు పట్టింది, మాట్లాడాలో లేదో ఆమే నిర్ణయించుకుంది. హైదరాబాద్ కుటుంబానికి మేం మూడు గంటలు కూడా ఇవ్వలేదు. వాళ్లు మృతదేహాన్ని గుర్తుపట్టిన రోజే వాళ్ల ఇంటి ముందు కెమెరాలు నిలబడ్డాయి.

మన ఊళ్లో దీనికి పాత చరిత్ర ఉంది. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై పోలీసులే అత్యాచారం చేశారు, ఆమె భర్త పోలీసుల దెబ్బలకు చనిపోయాడు. నగరం అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణ జరిపి పోలీసులను తప్పుపట్టింది. కానీ విచారణ సాగినన్నాళ్లూ ఆమె నడవడి మీదే మాటలు నడిచాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ కేసును ఆమె పేరుతోనే చెబుతారు. పోలీసుల పేర్లు ఎవరికీ గుర్తులేవు. 228ఏ తెచ్చిన రోజుల్లో ఇలాంటి కేసులు దేశంలో ఇంకా ఉన్నాయి. ఆ సెక్షన్ ఎందుకు వచ్చిందో అర్థం కావడానికి నాకు ఈ ఒక్క కేసు చాలు.

పేరు తీసేయడం అంటే ఏం తీసేయాలో కూడా మాకు అప్పుడు సరిగా తెలియదు. డిసెంబర్ 2 నుంచి మేం ‘దిశ’ అనే రాశాం. రాస్తూ రాస్తూ ఆమె ఫలానా ఉద్యోగం, ఫలానా ఊళ్లో పోస్టింగ్, ఫలానా కాలనీలో ఇల్లు అని పాత వివరాలన్నీ అలాగే ఉంచాం. పేరు దాచి మనిషిని చూపించాం. వెబ్‌సైట్‌లో పరిస్థితి ఇంకా ఘోరం. వార్తలో పేరు మార్చినా లింక్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో పేరు ఉండిపోయింది. ఫొటో తీసేశామనుకున్నాం గానీ, ఫొటో ఫైల్‌కు పెట్టిన పేరే ఆమె పేరు కాబట్టి సెర్చ్‌లో వస్తూనే ఉంది. ట్యాగుల్లో ఉంది. యూట్యూబ్ థంబ్‌నెయిల్ మీద ఉంది. ఈ-పేపర్‌లో పేజీ మొత్తం బొమ్మలా ఉంటుంది కాబట్టి అక్కడ ఒక పదం తీయడం కుదరదు, పేజీనే తీయాలి. ఇవన్నీ ఒక్కొక్కటీ కనిపెట్టి తీయడానికి డిజిటల్ టీమ్‌లో ఇద్దరికి వారం పైనే పట్టింది. అప్పటికి బయటి గ్రూపుల్లోకి వెళ్లినవాటిని ఎవరూ వెనక్కి తేలేరు. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ ఆస్పత్రి డాక్టర్ కేసులోనూ సుప్రీంకోర్టు పేరు, ఫొటోలు, వీడియోలు అన్నీ సోషల్ మీడియా నుంచి తీసేయమని ఆదేశించాల్సి వచ్చింది. ఆ రోజు వార్త దిద్దుతుంటే చేతులు ఆగిపోయాయి.

ఇక నాలుగు పేర్ల సంగతి.

29న వచ్చిన పోలీసు వివరాల్లో నలుగురు నిందితుల పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్లు, వయసులు ఉన్నాయి. ఒకరికి 26, మిగతా ముగ్గురికి 20. మేం అన్నీ వేశాం, ఫొటోలతో సహా. ముగ్గురికీ సరిగ్గా 20 ఏళ్లేనా అని మా డెస్క్‌లో ఒక్కరికీ అనుమానం రాలేదు. క్రైమ్ వార్తలు చూసేవాళ్లకు వయసు అంకెలు ఇలా గుండ్రంగా వస్తే ఆగి అడగాలని తెలిసుండాలి. వయసు తేల్చే పద్ధతి బాల నేరస్తుల చట్టంలో ఉంది: ముందు స్కూల్ సర్టిఫికెట్, అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. మా జిల్లా విలేకరి ఆ ఊళ్లకు వెళ్లాడు. తల్లులతో మాట్లాడి కన్నీళ్ల కథనం పంపాడు. పక్కనే ఉన్న బడికి వెళ్లి రిజిస్టర్ అడగమని మేం చెప్పలేదు. ఆ తప్పు విలేకరిది కాదు, మాది.

నలుగురూ చనిపోయిన ఆ కాల్పులపై విచారణకు సుప్రీంకోర్టు డిసెంబర్ 12న జస్టిస్ సిర్పుర్కర్ నాయకత్వంలో ముగ్గురు సభ్యుల కమిషన్ వేసింది. 2022 మేలో నివేదిక బయటికి వచ్చింది. నిందితులు పిస్టళ్లు లాక్కుని కాల్పులు జరిపారన్న పోలీసుల కథనం నమ్మదగ్గది కాదని, చంపాలనే కాల్చారని, పది మంది పోలీసులపై హత్య విచారణ జరగాలని కమిషన్ చెప్పింది. తర్వాత వ్యవహారం తెలంగాణ హైకోర్టు ముందుకు వెళ్లింది. ఆ నివేదికలో చాలామంది దాటేసిన విషయం ఇంకొకటి ఉంది. ఆ నలుగురిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లు అని కమిషన్ తేల్చింది.

దాన్ని చదివిన రాత్రి మళ్లీ పాత పేజీలు తీశాను. నేరం ఆరోపణ ఎదుర్కొంటున్న పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో, గుర్తింపు తెలిసేది ఏదైనా వేయకూడదని బాల నేరస్తుల చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. వేస్తే ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మైనరైతే పోలీసు లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు, మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తీసుకెళ్లాలి. కమిషన్ చెప్పిన ప్రకారం చూస్తే మేం వేసిన నాలుగు పేర్లలో మూడు అసలు వేయకూడనివి. వాళ్ల వయసు గురించి ఒక్క ప్రశ్న ఆ వారం పత్రికల్లో గట్టిగా వచ్చి ఉంటే జరిగింది మారేదా? ఆ మాట నేను చెప్పలేను. ఆ ప్రశ్న మా పేజీలో లేదన్నది మాత్రం నిజం.

పేర్లు బయటికి వెళ్లాక వాటిని ఎవరు ఎలా వాడుకున్నారో కూడా చూశాం. నలుగురిలో ఒక్క ముస్లిం పేరును మాత్రమే బయటికి లాగి, మిగతా మూడూ వదిలేసి, మొత్తం నేరానికి మతం రంగు పూసిన పోస్టులు వేలకొద్దీ తిరిగాయి. మేం నాలుగు పేర్లూ వేశాం కాబట్టి మా తప్పేమీ లేదని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడలా అనుకోవడం లేదు. పేరుతో పాఠకుడికి ఏ అవసరం తీరిందని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. నలుగురూ అప్పటికే పోలీసుల చేతిలో ఉన్నారు. ఎవరినీ జాగ్రత్తపడమని చెప్పాల్సిన పరిస్థితి లేదు.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. మన క్రియలోనే గౌరవం, అగౌరవం ఉంటాయి. నిందితుడు లారీ క్లీనర్ అయితే ‘పారిపోయాడు’ అని రాస్తాం, రాజకీయ నాయకుడైతే ‘అందుబాటులో లేరు’ అని రాస్తాం. ఇద్దరి మీదా ఉన్నది ఆరోపణే. ఆ వారం మా హెడ్డింగుల్లో మృగాళ్లు, కీచకులు, కామాంధులు అనే మాటలు రోజూ ఉన్నాయి. కోర్టులో ఒక్క సాక్షి కూడా చెప్పకముందే భాషలో తీర్పు అయిపోయింది. బాధితురాలి వైపు చూస్తే ‘మానం పోయింది’, ‘బలైపోయింది’, ‘అభాగ్యురాలు’. నేరం చేసినవాళ్ల దగ్గర ఉండాల్సిన అవమానాన్ని ఈ మాటలు ఆమె ఒంటి మీద వేస్తాయి. పేరు దాచాల్సి రావడానికి మూల కారణాల్లో మనం రాసే ఈ భాష కూడా ఉందని నా నమ్మకం.

ఈ కేసు నుంచి మేం నేర్చుకున్నామని అనుకున్నాక జరిగిన ఇంకో సంగతి చెప్పాలి. పాఠాలు కాగితం మీద ఉంటే సరిపోదని అదే నాకు చూపించింది.

రెండేళ్ల తర్వాత ఒక మండలం నుంచి పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు వార్త వచ్చింది. నాలుగు పేరాలు. పాప పేరు లేదు, ఫొటో లేదు. సబ్ ఎడిటర్ పాస్ చేశాడు, నేనూ చూశాను. వార్తలో ఉన్నది ఇది: ఊరి పేరు, పాప ఎనిమిదో తరగతి, తండ్రి ఊళ్లో ఫలానా పని చేస్తాడు, నిందితుడు ‘వరుసకు మేనమామ’, నిందితుడి ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. పేపర్ వెళ్లిన మూడో రోజు ఆ తండ్రి జిల్లా ఆఫీసుకు వచ్చాడు. కోపంతో రాలేదు. ఆ రోజు పేపర్‌ను నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని వచ్చాడు. “సార్, మీరు పేరు రాయలేదు, నిజమే. మా ఊళ్లో ఆ పని చేసేవాణ్ని నేనొక్కణ్నే” అన్నాడు. పాప బడికి వెళ్లడం మానేసిందట.

ఆ వివరాల్లో ఏ ఒక్కటీ విడిగా పాపను గుర్తుపట్టించదు. అన్నీ కలిస్తే ఆ ఊళ్లో చిన్నపిల్లాడు కూడా చెప్పేస్తాడు. ముఖ్యంగా నిందితుడు బంధువైనప్పుడు అతని పేరు వేస్తే పాప పేరు వేసినట్టే. ఇంటిపేరు తెలుగు పల్లెల్లో కులాన్ని చెబుతుంది, వీధిని చెబుతుంది, చుట్టరికాలన్నీ చెబుతుంది. హైదరాబాద్‌లో ‘ఓ ప్రైవేట్ ఉద్యోగి కుమార్తె’ అంటే లక్షల మందిలో ఒకరు. వెయ్యి గడపల ఊళ్లో ‘పోస్ట్‌మ్యాన్ కుమార్తె’ అంటే ఒక్కరే. పోక్సో చట్టం 23వ సెక్షన్ పేరుతో పాటు చిరునామా, కుటుంబం, బడి, ఇరుగుపొరుగు వివరాలన్నిటినీ కలిపి నిషేధించింది. ఆ సెక్షన్ రాసినవాళ్లకు మన పల్లెలు బాగా తెలుసు అనిపిస్తుంది.

ఆ తండ్రి వెళ్లాక మేం చేసిన మార్పులు పెద్దవి కావు గానీ రోజూ పని చేస్తున్నాయి. లైంగిక నేరం వార్త ఏదైనా ఇప్పుడు రెండో మనిషి చదవాలి. ఆ రెండో మనిషి వీలైతే అదే ప్రాంతం నుంచి వచ్చినవాళ్లై ఉండాలి. వాళ్లను అడిగేది ఒక్కటే: ఈ ఊరివాళ్లు చదివితే ఎవరో తెలుస్తుందా? తెలుస్తుందంటే ఊరి పేరు తీసి మండలం వేస్తాం, అదీ చిన్నదైతే జిల్లా వేస్తాం. చుట్టరికం వేస్తే నిందితుడి పేరు వేయం. చుట్టరికం ముఖ్యమని నేను అనుకుంటాను, ఎందుకంటే పిల్లలకు ముప్పు తెలిసినవాళ్ల నుంచే ఉంటుందని తల్లిదండ్రులకు తెలియాలి. అందుకే చాలాసార్లు చుట్టరికం ఉంచి పేరే వదిలేస్తాం.

మిస్సింగ్ వార్తల విషయంలో మొదటి రోజే పేరు, ఫొటో ఉన్న కాపీని వేరే ఫోల్డర్‌లో పెడతాం, వెబ్ లింక్‌లో పేరు పెట్టం, ఫొటో ఫైల్‌కు నంబరే ఇస్తాం. వార్త మలుపు తిరిగితే గంటలో అన్నీ తీయగలగాలి. పోలీసు నోట్‌లో ఏ నిందితుడికైనా 18 నుంచి 21 మధ్య వయసు ఉంటే, వయసుకు ఆధారం ఏమిటని స్టేషన్‌ను అడిగి, జవాబు వచ్చేదాకా పేరు ఆపుతాం. దీని మీద విలేకరులతో చాలా గొడవలయ్యాయి. పక్క పేపర్లో వచ్చింది, మన దగ్గర లేదు, మేం ఏం ముఖం పెట్టుకుని తిరగాలి అని అడిగారు. వాళ్ల టెన్షన్ నిజమైనదే. మండల విలేకరికి జీతం తక్కువ, గుర్తింపు అంతా ముందుగా వార్త ఇవ్వడంలోనే ఉంటుంది. అందుకే పేరు ఆపినందుకు ఎవరినీ మిస్ అయిన వార్తల లెక్కలో వేయకూడదని మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి రాయించుకున్నాం. అది రాయించుకోకముందు మిగతా నిబంధనలు ఏవీ నిలవలేదు.

నిందితులు మైనర్లు కాని కేసుల్లో వాళ్ల పేరు ఎప్పుడూ వేయకూడదని నేను అనడం లేదు. పదవిలో ఉన్నవాళ్లు, అధికారులు, పిల్లలతో పనిచేసే టీచర్లు, కోచ్‌లు, బాబాలు అయితే పేరు వేయాలి. వాళ్ల చేతికింద ఇంకా ఎంతమంది ఉన్నారో తెలియదు, పేరు చూసి ఇంకొకరు ధైర్యంగా బయటికి రావచ్చు. అలాంటి పేర్లను ఆపమని వచ్చే ఫోన్లు నాకు తెలుసు. క్లీనర్ పేరు ఆపమని ఎవరూ ఫోన్ చేయరు. కాబట్టి పేరు వేయాలా వద్దా అనేది ఫోన్ వచ్చాక కాకుండా ముందే తేల్చుకోవాలి. వేసినా, ‘చేశాడు’ అని కాకుండా ‘చేశాడని పోలీసుల అభియోగం’ అని రాయాలి, ఎవరికైనా ఇదే వరుస. కేసు కొట్టేస్తే అరెస్టు వార్త ఎంత జాగాలో వచ్చిందో తీర్పు వార్త కూడా అంత జాగాలో రావాలి. ఈ చివరిది మేం ఇంకా సరిగా పాటించలేకపోతున్నాం. అరెస్టు రోజున ప్రెస్ మీట్ ఉంటుంది, నిర్దోషిగా బయటికి వచ్చిన రోజున ఎవరూ పిలవరు. కోర్టు రిపోర్టర్‌కు పాత క్రైమ్ వార్తల లిస్ట్ ఇచ్చి నెలకోసారి వాటి గతి చూడమంటున్నాం. మూడోవంతు కూడా పట్టుకోలేకపోతున్నాం.

2019లో ఆ ప్రశ్న అడిగిన జూనియర్ ఇప్పుడు ఒక ఎడిషన్ డెస్క్ చూస్తోంది. లైంగిక నేరం వార్తలకు రెండో చదువరి ఉండాలన్న నిబంధన ఆమె రాసిందే.

ఆఫీసు లైబ్రరీలో 2019 నవంబర్, డిసెంబర్ సంపుటాలు బైండింగ్ చేసి ఉన్నాయి. ఈ-పేపర్ నుంచి ఆ పేజీలు తీసేయించగలిగాం గానీ బైండు పుస్తకంలోంచి చింపడానికి ఎవరూ ఒప్పుకోలేదు, చింపకూడదని నేనూ ఒప్పుకున్నాను. ఇప్పుడు ఆ రెండు సంపుటాలు అల్మరాలో విడిగా ఉంటాయి. ఎవరైనా రీసెర్చ్ కోసమని వచ్చి అడిగితే లైబ్రేరియన్ నాకు ఫోన్ చేస్తాడు. నేను కిందికి వెళ్లి, ఏ పేజీలు కావాలో అడిగి, ఆ అమ్మాయి పేరు బయటికి పోదన్న మాట తీసుకున్నాకే తాళం ఇస్తాను.